మాస్టారు ‘బాగుంది’ అన్న రోజు

మాస్టారంటే బడి పంతులు కాదు, వంట మాస్టారు. బడి ఆయన ఐదో తరగతి దాకానే చూశారు. అదీ వాన పడితే సెలవిచ్చేసే పెంకుటింటి బడి. ఆ ఐదు తరగతుల చదువుతోనే ఉక్కు కర్మాగారం క్యాంటీన్లో ముప్పై రెండేళ్ళు వంటశాల ఏలారు. రోజుకు మూడు షిఫ్టులు, పద్నాలుగు వందల ప్లేట్లు. తూకంరాళ్ళు ఆయనకు అక్కర్లేదు, గుప్పిటే తక్కెడ. వరదొచ్చిన ఏడు కర్మాగారం చుట్టూ నడుంలోతు నీళ్ళు నిలిచి లోపల ఆరువందల మంది చిక్కుకుపోతే, తడి చెక్కల మీద మూడు రోజులు వండి, ఒక్కణ్ణి కూడా పస్తు పడుకోనివ్వలేదు. ఆవిరి పొయ్యి బిగించడానికొచ్చిన ఇంజనీర్లకే, మంట ఎక్కడ తగ్గిస్తే అన్నం అడుగంటదో చూపించిన మనిషి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన ఇంట్లో గోడకు వేలాడే ఇత్తడి పలక ఒక ఎత్తు. కర్మాగారం వాళ్ళు సాగనంపిన రోజున ఇచ్చారు. ఈయన చేతి తిండి తిని ముప్పై రెండేళ్ళలో ఒక్కరికీ కడుపు చెడలేదని దాని మీద చెక్కించారు. అబద్ధం కాదు. ఆసుపత్రి చీటీలు తిరగేసి చూసి మరీ చెక్కించారు.

ఆ పలక వెనక ఉన్నది ఆయన నాలుక. ఏ గిన్నె అయినా బయటికి పోయేముందు ఒక చెంచాడు ఆయన నోట పడాల్సిందే. నూనె ఎన్నిసార్లు కాగిందో చెప్పేవారు. రెండు గ్లాసుల నీళ్ళు పెడితే ఏది ట్యాంకుదో ఏది బోరుదో చెప్పేవారు. ఒకసారి పాల గుత్తేదారు కొత్త పాలలో పాత పాలు కలిపి పంపితే, వరసగా క్యాన్లన్నీ చప్పరించి నాలుగో దాని మీద చెయ్యి వేశారు. మర్నాటి నుంచి గుత్తేదారు మారిపోయాడు.

ఆయన తీర్పులు మూడే. ‘మళ్ళీ చెయ్యి’ అంటే లోపముందని. మాట్లాడకుండా ప్లేటు వేలితో అవతలకు నెడితే, తీసుకుపోయి పారబొయ్యమని. ‘తినొచ్చు’ అంటే మాత్రం, ఆ వండినవాడు ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పుకునేంత గొప్ప. ‘బాగుంది’ అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఎందుకనరని అడిగితే, “బాగుందంటే చెయ్యి ఆగిపోద్ది. ఆగిన చేత్తో రేపేం వండుతాడు?” అనేవారు.

అటువంటి నాలుక చచ్చిపోయి నాలుగు నెలలైంది.

చలికాలం చివర పది రోజులు జ్వరం కాసింది. జ్వరం పోతూ పోతూ రుచినీ వాసననూ వెంటబెట్టుకుపోయింది. లేచి కూర్చున్న రోజు కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. నిమ్మచెక్క కొరికితే తడి తగిలింది, అంతే. ఉప్పు వేసుకుంటే ఇసక. నాలుగు రోజుల్లో అదే వస్తుందిలే అనుకున్నారు. వారం, నెల, రెండు నెలలు. డాక్టరు దగ్గరికి వెళితే డాక్టరు ఈయన ఇంటావిడకు చెబుతాడు, ఇంటావిడ వీధికి చెబుతుంది. అందుకని వెళ్ళలేదు. పైగా ఇంట్లో ఇంకో చిక్కొచ్చి పడింది. నలభై ఏళ్ళుగా కంచంలో కూర వడ్డించి ఆయన మొహంకేసి చూస్తూ నిలబడిన ఇల్లాలు, ఇప్పుడాయన వంక పెట్టకుండా తిని లేస్తుంటే, “ఇన్నాళ్ళకి మా ఆయనకి నా వంట నచ్చిందమ్మా,” అని పక్కింటావిడతో చెప్పుకుని మురిసిపోతోంది. కిటికీలోంచి ఆ మాట విన్నాక మాస్టారికి అసలు సంగతి చెప్పబుద్ధి కాలేదు.

ఇలా ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. సొంత అక్క కూతురు. పద్దెనిమిదో ఏట క్యాంటీన్లో ఉల్లిపాయలు తరగడానికి చేరి, ఎనిమిదేళ్ళు ఆయన కింద పనిచేసి, ఆయన చేత తిట్లు తిని తిని చెయ్యి తిరిగిన పిల్ల. ఇప్పుడు నర్సింగు కాలేజీ గేటుకెదురుగా ఫాస్ట్‌ఫుడ్ షాపు పెడుతోంది.

“మావయ్యా, రేపు పదకొండింటికి షాపు తెరుస్తున్నా. హాస్టలు వార్డెన్‌తో మాట్లాడా, పరీక్ష అవగానే రెండొందల మంది పిల్లలు ఇటే వస్తారు. నువ్వు పొద్దున్నే వచ్చి ఐటమ్సన్నీ రుచి చూడాలి. నువ్వు ఊఁ అన్నవే బోర్డు మీద రాయిస్తా.”

ఏ సాకు చెప్పి తప్పించుకోవాలా అని మాస్టారు చూశారు. అయినా నోరు మాత్రం, “వస్తాలే. ఎనిమిదిన్నరకల్లా అన్నీ సర్దిపెట్టు,” అంది. అలవాటు పడ్డ నోరు కదా.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆలోచించి, స్నేహితుడు రైట్‌రైట్‌ని వెంటబెట్టుకుపోదామని నిశ్చయించుకున్నారు. రైట్‌రైట్ బస్సు కండక్టరు చేసి దిగినవాడు. సర్వీసులో లక్షసార్లు ‘రైట్ రైట్’ అని అరిచాడు గనక పేరు అలా స్థిరపడిపోయింది. ఇద్దరూ ఆ పెంకుటింటి బడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దారు. రైట్‌రైట్ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే మాస్టారు తన సంగతి వాడికీ చెప్పలేదు. వాడి నోటితో ఆయనకు పనిలేదు. వాడి మొహంతో ఉంది. ఆ మొహం అద్దం. ఉప్పు ఎక్కువైతే ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. కారం తగిలితే చెవులు ఎర్రబడతాయి. చప్పిడిగా ఉంటే పై పెదవి వేలాడుతుంది. అరవై ఏళ్ళుగా పక్కన కూర్చుని తిన్నవాడి మొహం మాస్టారికి కంఠతా వచ్చు. ఆ మొహం చూస్తూ తీర్పు చెప్పేస్తే సరి.

షాపులో అడుగుపెట్టేసరికి ఎనిమిదీ ఇరవై. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలకు కవర్లు ఇంకా ఊడదీయలేదు. గోడలకు వేసిన సున్నం తడి ఆరలేదు. లోపల స్టీలు బల్ల మీద వేపుడు జాలీలు, కాగితం గ్లాసుల దొంతరలు, మూతలు పెట్టిన గిన్నెలు వరసగా ఉన్నాయి. మేనకోడలి మొగుడు బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద నిలబడి, చెవిలో పెన్సిలు, చేతిలో కుంచెతో నమస్కారం పెట్టాడు. అతని ముందు పెద్ద పసుప్పచ్చ బోర్డు. పైన ఎర్ర అక్షరాలతో ఒక వరస రాసేసి ఉంది. మిగతా ఆరు వరసలూ ఖాళీ.

ఆ పై వరసను మాస్టారు చదివారు: ‘మాస్టారు రుచి చూసి ఒప్పుకున్నవి.’

“ఇదేంటమ్మా ఇది?”

“నీ పేరే మావయ్యా నా పెట్టుబడి,” అని నవ్వింది మేనకోడలు. “వార్డెనమ్మ తమ్ముడు మీ కర్మాగారంలోనే చేశాట్ట. నీ పేరు చెప్పాకే పిల్లల్ని పంపుతానంది.”

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రైట్‌రైట్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

“నాకూ ఒక ప్లేటు పెట్టమ్మా,” అన్నాడు రైట్‌రైట్. “మీ మావయ్య తిట్టడానికి తింటాడు, నేను తినడానికి తింటా.”

“నీకు లేకపోతే ఎలా బాబాయ్!”

మొదట ఫ్రెంచ్ ఫ్రైస్ వచ్చాయి. మాస్టారు ఒకటి తీసి వేళ్ళ మధ్య విరిచారు. చిటుక్కుమంది. లోపల తెల్లగా, మెత్తగా ఉంది. నోట్లో వేసుకుని నెమ్మదిగా నములుతూ పక్కకు చూశారు. రైట్‌రైట్ బుగ్గలు పొంగాయి. కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి.

“తినొచ్చు,” అన్నారు మాస్టారు.

మేనకోడలు చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. నిచ్చెన మీద కుంచె కదిలింది.

రెండోది నూడుల్స్. రైట్‌రైట్ ఫోర్కుకు చుట్టబోయి, కుదరక, వంగి జుర్రేశాడు. ఎడమ కన్ను టక్కున మూసుకుంది.

“ఉప్పెక్కువైంది. మళ్ళీ చెయ్యి.”

మేనకోడలు ఒక పోగు నోట్లో వేసుకుని నాలుక కరుచుకుంది. “అవును! సాసులోనే ఉప్పుంటుందని మర్చిపోయి పైన ఇంకా చల్లాను. ఈ నాలుకకి ఎవరన్నా దండం పెట్టాల్సిందే.”

మాస్టారు మీసం కింద చిన్నగా ఊపిరి వదిలారు. గోడ గడియారం తొమ్మిది చూపిస్తోంది. ఇంకా నాలుగు. ఇలాగే గట్టెక్కితే గట్టెక్కినట్టే.

మూడోది వేయించిన చికెన్. పొద్దున ఐదింటికి కొట్టు తీయించి మరీ తెచ్చానని, మూడు గంటలు మసాలాలో నానబెట్టానని చెబుతూ మేనకోడలు ప్లేటు తెచ్చింది. షాపు మొత్తానికి దాని మీదే ఆశ. పైన పెచ్చు బంగారంలా ఉంది. మాస్టారు కొరికారు. కరకరమన్న చప్పుడు చెవిలో తెలిసింది గానీ నోట్లో ఏమీ తెలియలేదు. పక్కకు చూశారు. రైట్‌రైట్ ఒక్క కొరుకు కొరికి, మొహం పీనుగులా పెట్టి, దవడ పట్టుకుని, కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు. అరవై ఏళ్ళలో వాడి మొహం అలా అవడం మాస్టారు చూడలేదు.

“మళ్ళీ చెయ్యి,” అన్నారు.

మేనకోడలు మొహం వాడిపోయింది. “ఏం తక్కువైంది మావయ్యా?”

అడుగుతుందని అనుకోలేదు. క్యాంటీన్లో ఎవరూ అడిగేవారు కాదు. “మసాలా లోపలికి దిగలేదు,” అన్నారు, నోటికొచ్చింది.

ఆమె ఒక ముక్క విరుచుకుని తింది. ఇంకోటి తింది. ఏదో అనబోయి ఆగిపోయింది. “సరే మావయ్యా,” అని ప్లేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకోవడం మాస్టారు చూశారు. నిచ్చెన మీది అల్లుడూ చూశాడు. ఉల్లిపాయలు తరిగిన ఎనిమిదేళ్ళలో ఆ పిల్ల కళ్ళు తుడుచుకోగా చూసింది లేదు.

“ఒరే,” అన్నాడు రైట్‌రైట్ చెవిలో, “మంచినీళ్ళేవిరా? ఈ కొత్త పళ్ళ సెట్టు నన్ను చంపేస్తోంది. ఆరు రోజులైంది పెట్టించుకుని. గట్టిది కొరికితే చిగుళ్ళలో సూది దిగినట్టుంది. పిల్ల ముందు చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా.”

మాస్టారు వాడి వైపు తిరిగారు. “అయితే చికెన్?”

“చికెన్‌కేం, దివ్యంగా ఉంది. మసాలా ఎముక దాకా దిగింది. నువ్వేంట్రా దిగలేదన్నావు? నీ స్టాండర్డు నీది, మనకెందుకులే అని ఊరుకున్నా.”

నూతిలో పడ్డట్టయింది మాస్టారికి. ఏ లోపమూ లేని వంటకు వంక పెట్టారు. పెట్టి, ఏడిపించారు. క్యాంటీన్లో ఎంతమందిని తిట్టినా ఒక్క తిట్టూ అన్యాయంగా తిట్టలేదని ఆయన గర్వం. ఆ గర్వం కాస్తా ఇప్పుడు ఆ ప్లేటుతోపాటే పోయింది. పిలిచి, చికెన్ సరిగానే ఉందని చెబుదామా? ఎందుకు మాట మార్చావని అడుగుతుంది. చెబితే మొత్తం చెప్పాలి.

ఆయన ఇంకా అటూ ఇటూ కొట్టుకుంటుండగానే నాలుగోది వచ్చింది. తెల్ల సాసు వేసి చుట్టిన రోల్. మేనకోడలు ప్లేటు బల్ల మీద పెట్టి, పరీక్ష రాసిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది. ఇంకా కళ్ళ అంచులు ఎర్రగానే ఉన్నాయి.

రైట్‌రైట్ మెత్తటిది దొరికిందన్న సంతోషంతో రెండు గుటకల్లో సగం మింగేశాడు. కన్ను మూసుకోలేదు. పెదవి వేలాడలేదు. మాస్టారు ఒక ముక్క నమిలి మింగారు. తడి, మెత్తన, అంతే. ఎదురుగా ఆ ఎర్ర కళ్ళు. ఇందాక చేసిన అన్యాయానికి ఇప్పుడే ఏదన్నా చెల్లించెయ్యాలన్న తొందర వచ్చింది ఆయనకు. నోరు జారింది.

“బాగుందమ్మా,” అన్నారు.

కుంచె రంగులో ముంచబోతున్న అల్లుడి చెయ్యి ఆగిపోయింది. రైట్‌రైట్ నమలడం మానేశాడు. మేనకోడలు కట్టుకున్న చేతులు విప్పింది.

“ఏమన్నావు మావయ్యా?”

“బాగుందన్నా.”

“నా పెళ్ళి విందుకి నువ్వే వంట చేయించావు. అందరూ వేళ్ళు నాక్కుంటుంటే కూడా నువ్వు ‘తినొచ్చు’ అన్నావు తప్ప ఆ మాట అనలేదు.” ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. తిట్టినా బాగుండేది. “నన్ను చూసి జాలిపడ్డావా? లేకపోతే ఇంకేమన్నా ఉందా?”

“జాలేంటి, నీ మొహం! ఉన్న మాట అన్నా.”

ఆమె లోపలికి వెళ్ళి రెండు కాగితం గ్లాసులు తెచ్చి ముందు పెట్టింది. రెండిటి అడుగునా తెల్లటిదేదో చెంచాడు. “ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పంచదార. నోట్లో వేసుకుని చెప్పు మావయ్యా. తప్పయితే నన్ను నాలుగు తన్ను.”

“ఏంటమ్మా ఈ చిన్నపిల్లల ఆటలు!” అన్నాడు రైట్‌రైట్. “వాడెవడనుకుంటున్నావు? పాల క్యాన్లలో నాలుగోది...”

“నువ్వుండు బాబాయ్.”

మాస్టారు ఎడమ గ్లాసులోంచి చిటికెడు తీశారు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిగింది. పలుకు పెద్దది, అంచులు గరుగ్గా ఉన్నాయి. పంచదార. కుడి గ్లాసులోది ముట్టుకోనక్కర్లేదు, కళ్ళకే తెలుస్తోంది, మెత్తటి పొడి ఉప్పు. నోటితో పనేముంది? ఎడమది పంచదార అని చెప్పేస్తే చాలు. పిల్ల తల దించుకుంటుంది. బోర్డు మీద ఆ ఎర్ర వరస అలాగే ఉంటుంది. ఇంట్లో ఆవిడ మురిపెం ఆవిడకు ఉంటుంది. గోడ మీద పలక గోడ మీద ఉంటుంది.

గడియారం పదికి పావు తక్కువ. ఇంకో గంటా పావుకు రెండువందల మంది పిల్లలు. ఆ రోల్‌లో ఏముందో, ఎలా ఉందో, తనకు బొత్తిగా తెలియదు. తెలియకుండా ముప్పై రెండేళ్ళలో ఒక్క గిన్నె వంటశాల గడప దాటించలేదు.

చిటికెడు పంచదార నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కరిగిపోవడం తెలిసింది. ఇంకేమీ తెలియలేదు.

“తెలియట్లేదమ్మా,” అన్నారు. “నాలుగు నెలలైంది. రుచీ లేదు, వాసనా లేదు. వీడి మొహం చూసి చెబుతున్నా.”

రైట్‌రైట్ తన బుగ్గలు తడుముకున్నాడు.

“నా మొహమా?” అన్నాడు రైట్‌రైట్.

“నాలుగు నెలలు!” మేనకోడలు కుర్చీలో కూలబడి, మళ్ళీ వెంటనే లేచింది. “నోరు పోయిందంటే నాకేం కోపం లేదు మావయ్యా. ముసలాళ్ళకి మోకాళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి, నీకు నోరు పోయింది. కానీ మసాలా దిగలేదన్నావే! లోపలికెళ్ళి ఏడ్చాన్నేను. ఎనిమిదేళ్ళు నేర్చుకున్నదంతా మర్చిపోయానేమో అని ఏడ్చా. దానికేం చెబుతావు?”

మాస్టారు తల ఎత్తి, “అది నాది తప్పు. చికెన్ సరిగ్గా ఉంది, నువ్వు చేసింది చేసినట్టే పెట్టు,” అన్నారు. ఆయన నోటి వెంట ‘నాది తప్పు’ రావడం రైట్‌రైట్ కూడా వినలేదు. “కానీ ఆ రోల్ పక్కన పెట్టు. దాని సంగతి ముందు తేలాలి. ఒరే, నువ్వు తిన్నావుగా, ఎలా ఉంది?”

“బానే ఉంది.”

“బానే అంటే ఏంటి? బస్సెక్కినవాడు బానే ఉంది అంటే టిక్కెట్టు ఇచ్చేవాడివా? ఎక్కడికో చెప్పమని అడిగేవాడివి కాదూ? చెప్పు. ఉప్పా, కారమా, పులుపా?”

“కొంచెం... పుల్లగా ఉంది. ఈ సాసులన్నీ అంతేనేమో అనుకున్నా.”

“ఏ పులుపు?”

“పులుపులో మళ్ళీ రకాలేంట్రా!”

“నిమ్మకాయలా ముందు నాలుక చివర తగిలిందా, మింగాక గొంతు దగ్గర తగిలిందా?”

రైట్‌రైట్ కళ్ళు పైకెత్తి, నోరు చప్పరించి ఆలోచించాడు. జీవితంలో ఎప్పుడూ తిండి గురించి అంతసేపు ఆలోచించి ఉండడు. “ముందేం తెలియలేదు. మింగాక వచ్చింది. వెనకనుంచి.”

“మింగాక నాలుక శుభ్రంగా ఉందా, ఏదన్నా అంటుకుని ఉందా?”

“అంటుకునే ఉంది. సబ్బు తగిలినట్టు. ఇందాకట్నుంచీ నీళ్ళు తాగుతున్నా పోవట్లేదు.”

మాస్టారు లేచి నిలబడ్డారు. “సాసు ఎప్పుడు కలిపావమ్మా?”

“నిన్న సాయంత్రం. కలిపినప్పుడు రుచి చూశా, సరిగ్గా ఉంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేశా.”

“గుడ్డు వేశావా?”

“వేశా.”

“ఫ్రిజ్ పనిచేస్తోందా?”

“కొత్త ఫ్రిజ్ మావయ్యా! ఇందాక తీసినప్పుడు కూడా చల్లగానే...”

నిచ్చెన మీద ఏదో జారి కిందపడింది. కుంచె. అల్లుడు ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. “బోర్డు తొందరగా ఆరుతుందని ఫ్యాను పెట్టా. ప్లగ్గు ఖాళీ లేక ఫ్రిజ్‌ది తీశా,” అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. “మళ్ళీ పెట్టడం మర్చిపోయి ఇంటికొచ్చేశా. పొద్దున ఆరింటికి వచ్చి పెట్టా. చల్లబడిపోయింది కదా, ఏం కాదులే అనుకున్నా.”

మేనకోడలు మొగుడి వైపు చూసిన చూపుకు బోర్డు మీద రంగు కూడా ఆరిపోయి ఉంటుంది. “ఏం కాదులే అనుకున్నావా?”

“తిట్టడానికి రేపుంది, ఎల్లుండి ఉంది, పెళ్ళయింది గనక జన్మంతా ఉంది,” అన్నారు మాస్టారు. “ముందా సాసు గిన్నె పట్టుకురా. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉన్నవి ఇంకేమున్నాయో అవీ తీసుకురా. పొద్దున కొన్నవి ఒక పక్క, రాత్రివి ఒక పక్క.”

సాసు పెరట్లో పోయింది. చీజు పోయింది. ఉడకబెట్టి ఉంచిన కూరముక్కలు పోయాయి. గిన్నెలు మరిగే నీళ్ళతో కడిగించారు. రైట్‌రైట్ తలుపు దగ్గర నిలబడి పొట్ట పట్టుకున్నాడు.

“ఒరే, నేను సగం తిన్నాను. నాకేమన్నా అవుద్దా?”

“నీకా? ముప్పై ఏళ్ళు బస్టాండుల్లో తిన్నవాడివి. నీ కడుపులో పడ్డందుకు ఆ సాసుకే ఏమన్నా అవ్వాలి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగుతూ కూర్చో. కడుపులో తిప్పితే చెప్పు, ఎదురుగా నర్సులు రెండొందల మంది.”

మిగిలిన గంటలో చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి. ఐదోది బర్గరు, అందులో తెల్ల సాసుకు బదులు ఉల్లిపాయ, టమాటా వేసి చేసింది మేనకోడలు. నూడుల్స్ మళ్ళీ వండింది. ఒక్కొక్కటీ రైట్‌రైట్ ముందు పెట్టడం, అతను నమలడం, మాస్టారు అడగడం. ‘సూపర్’ అంటే ఊరుకోలేదు. కారం ఎప్పుడు తగిలింది, ఎంతసేపు ఉంది, రెండో ముద్ద తినాలనిపించిందా లేదా, తింటే ఎందుకు. రైట్‌రైట్‌కు చెమటలు పట్టాయి. “చెకింగ్ ఆఫీసరు కూడా నన్నింత పీడించలేదురా,” అని మొత్తుకున్నాడు. కాని నాలుగో ప్లేటుకు వచ్చేసరికి అడక్కముందే, “మిరియం ఉంది, ముందు కాదు, చివర్లో వస్తోంది,” అన్నాడు. మేనకోడలు ఆ మాటకు తలెత్తి మావయ్య వంక చూసింది. మాస్టారు ఒక్కసారి తల ఊపారు.

పదీ ముప్పై ఐదు. బోర్డు మీద నాలుగు వరసలు నిండాయి. రోల్ వరసా మిల్క్‌షేకు వరసా ఖాళీగానే వదిలేశారు, రాత్రి పాలు పారబోశారు గనక.

“ఇక పైది,” అన్నారు మాస్టారు.

“పైదేంటి?”

“నా పేరున్న వరస. తుడిచెయ్యండి.”

“మావయ్యా, అక్కర్లేదు. సాసు సంగతి పట్టుకున్నది నువ్వేగా. అబద్ధమేం కాదు.”

“రుచి చూసి ఒప్పుకున్నవి అని రాశారు. రుచి నేను చూడలేదు. ఆ వరస కింద ఒక్క పిల్ల తిన్నా నేను మోసం చేసినట్టే.”

“వార్డెనమ్మ నీ పేరు చూసే పంపుతోంది. పేరు లేకపోతే వెనక్కి తీసుకుపోద్దేమో.”

“తీసుకుపోతే పోద్ది. నీ చికెన్ తిన్నవాళ్ళు రేపు వార్డెన్‌ని అడక్కుండానే వస్తారు.”

అల్లుడు కదల్లేదు. తప్పు చేసినవాడు గనక నోరెత్తే ధైర్యం లేదు, పెళ్ళాం చెప్పకుండా తుడిచే ధైర్యమూ లేదు. మాస్టారు టర్పెంటైన్ డబ్బాలో గుడ్డ ముంచి నిచ్చెన ఎక్కబోయారు. మోకాలు పట్టేసి రెండో మెట్టు మీదే ఆగిపోయారు. చూసి చూసి అల్లుడు గుడ్డ అందుకున్నాడు. మేనకోడలు మొహం తిప్పుకుని లోపల నూనె వేడి చెయ్యడానికి వెళ్ళింది. ఎర్ర అక్షరాలు ఒక్కోటీ చెదిరి, పసుపు మీద గులాబీ మరకగా మిగిలాయి. ఆ చోట ఇంకేమీ రాయలేదు.

పదకొండు దాటి ఐదు నిమిషాలకు కాలేజీ గేటు తెరుచుకుంది. తెల్ల కోట్లు గుంపులుగా రోడ్డు దాటుతున్నాయి. ముందొచ్చిన అమ్మాయి బోర్డు చదివి, మరక చూసి, లోపలికి చూసింది.

“ఇక్కడ మాస్టారెవరు? అన్నీ ఆయన రుచి చూశాకే పెడతారని మా వార్డెన్ చెప్పింది.”

లోపల జాలీ పట్టుకున్న మేనకోడలు చెయ్యి గాల్లో ఆగిపోయింది. మాస్టారు కౌంటరు దగ్గరికి వచ్చారు.

“నేనేనమ్మా. కానీ రుచి చూసింది నేను కాదు. నాకు జ్వరం తర్వాత రుచి పోయింది. చూసింది ఆయన,” అని రైట్‌రైట్ వైపు చూపించారు. “వండింది మా మేనకోడలు. తినాలనిపిస్తే తినండి.”

వెనక ఉన్న అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకరిద్దరు రోడ్డు వైపు అడుగు వెనక్కి వేశారు.

ముందున్న అమ్మాయి మాత్రం పుస్తకాల సంచీ కౌంటరు మీద పెట్టింది. “ఎన్నాళ్ళయింది తాతగారూ రుచి పోయి?”

“నాలుగు నెలలు.”

“డాక్టరుకి చూపించారా?”

“లేదమ్మా.”

“నాలుగు నెలలా! ఎవరూ తిట్టలేదా మిమ్మల్ని?” అని, టిష్యూ కాగితం లాగి దాని మీద ఏదో రాసింది. “మా ఆసుపత్రిలో మంగళవారం, శుక్రవారం ముక్కూ గొంతూ చూసే డాక్టరు ఉంటారు. ఇదీ గది నంబరు. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. చూపించకపోతే మాత్రం తెలియదు.” కాగితం ఆయన చేతిలో పెట్టి, తెలుగు పంతులమ్మలా వేలు చూపించింది. “మంగళవారం రావాలి. నాకు రెండు చికెన్, ఒక ఫ్రైస్.”

వెనక్కి అడుగేసిన ఇద్దరూ ముందుకొచ్చారు. లోపల జాలీ నూనెలో దిగిన చప్పుడు వినిపించింది.

మాస్టారు ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. తర్వాత చేతులు కడుక్కుని, కవరు ఊడదీయని కుర్చీలు మిగిలిపోయాయని గమనించి, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక్కో కవరూ లాగెయ్యడం మొదలుపెట్టారు.